స్వస్థత అనే మాట

జబ్బుపడి తేరుకుంటున్నవాణ్ణి మనవారు మొదట అడిగే ప్రశ్న, "మాస్టారూ, నడుస్తున్నారా?" అని. నడుస్తున్నానంటే సంతోషించి వెళతారు. వారి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. అయితే నరాల వ్యాధి నుంచి మూడేళ్ళకు పైగా కోలుకుంటున్నవాడిగా, ఆ ప్రశ్నలో ఇమడని సంగతులు కొన్ని చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాకు వచ్చినది గులియన్ బారే సిండ్రోమ్. పొట్టిగా జీబీఎస్ అంటారు. 2025 ఆరంభంలో పుణెలో ఒక్కసారిగా చాలామందికి వచ్చి ఈ పేరు పత్రికలకెక్కింది. 1916లో గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికులలో దీనిని గమనించి వర్ణించారు. ఏ విరేచనాల తరువాతనో, ఏ జలుబు తరువాతనో, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దారితప్పి నరాల మీద విరుచుకుపడుతుంది. నీరసం సాధారణంగా పాదాల దగ్గర మొదలై పైకి ప్రాకుతుంది. నాకు 2022 శ్రావణంలో, విరేచనాలు కట్టిన పది రోజులకు అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. నాలుగోనాటికి మంచం దిగలేకపోయాను. ఆరోనాటికి చేతులూ స్వాధీనం తప్పాయి.

వైద్యుడు పూటపూటకూ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో పెట్టమనేవారు. ఊపిరి కండరాలు బలహీనపడుతున్నాయేమో కనిపెట్టడానికి అదొక తేలిక ఉపాయం. ఒకనాటి సాయంత్రం పదకొండు దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రే ఐసీయూకు మార్చి, ఐదు రోజులు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించారు. శ్వాసయంత్రం అవసరం లేకుండానే గట్టెక్కాను.

ఈ వ్యాధిలో రోగి స్థితిని కొలవడానికి హ్యూస్ అనే వైద్యుని పేరిట ఒక కొలబద్ద ఉంది. సున్న అంటే ఆరోగ్యవంతుడు, ఆరు అంటే మృతుడు. ఐదు శ్వాసయంత్రం మీద ఉన్నవాడు. తక్కినవన్నీ దాదాపు కాళ్ళ లెక్కలే. మంచానికో కుర్చీకో పరిమితమైతే నాలుగు. ఆసరాతో పది మీటర్లు నడిస్తే మూడు. ఆసరా లేకుండా నడిచి, పరుగెత్తలేకపోతే రెండు. రెండుకు చేరితే మంచి ఫలితం క్రిందే జమ. ఎనిమిదో నెలలో నేను రెండుకు చేరాను. బాగా కోలుకున్నట్లు కాగితం మీద వ్రాసి ఇచ్చారు. ఆనాడు నా చొక్కాకు గుండీలు పెట్టినది మా ఇంటావిడ. అన్నం కలిపి నోటికందించినదీ ఆవిడే.

ప్రాణం నిలిపిన వైద్యులను తప్పుపట్టను. ఆ కొలబద్ద పని దానిది. కాని అందులో చేతివ్రేళ్ళు లేవు. పప్పూ అన్నమూ ముద్ద చేయడానికి అయిదు వ్రేళ్ళూ ఎంతగా కూడబలుక్కోవాలో, పోగొట్టుకున్నవాడికి గాని తెలియదు. చెంచాతో కడుపు నిండుతుంది, తిన్నట్టుండదు. ముప్పైనాలుగేళ్ళు నల్లబల్ల మీద వ్రాసిన చేయి 'క్ష' వ్రాయబోతే పలక పట్టిన పసివాడి గీతలు పడేవి. ఇక స్నానం. ఒకరి చేత ఒళ్ళు రుద్దించుకోవడం మొదటి నెలలో సిగ్గు, రెండో నెలలో కోపం, మూడో నెలనాటికి ఇద్దరికీ అలసట. ఆవిడకు అప్పటికే అరవై దాటాయి, నడుమునొప్పి. ఆ నడుము ఏ కొలబద్దకూ ఎక్కలేదు.

కంటికి కనబడనిది ఇంకొకటి ఉంది. నరం మీది పొర దెబ్బతింటే వారాల్లోనో నెలల్లోనో బాగుపడుతుంది. లోపలి తీగే తెగితే అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అర మీటరు పెరగాలంటే ఐదువందల రోజులు! బలం వచ్చాక కూడా అలసట ఏళ్ళ తరబడి వదలకపోవచ్చు. పెళ్ళిలో గంటసేపు కూర్చుని వస్తే మర్నాడంతా నాకు మంచమే. చూసినవారు "బాగానే ఉన్నారుగా" అంటారు. ఔనంటాను.

వృత్తిరీత్యా మాటలను విడదీసి చూడడం అలవాటు. 'వికలము' అంటే కళ లోపించినది. కళ అంటే చంద్రునిలో పదహారోవంతు. వైకల్యమనగానే మనకు పోయిన వంతే స్ఫురిస్తుంది గాని, మిగిలిన కళలనూ లెక్కపెట్టమని ఆ మాటే చెబుతోంది. 'స్వస్థుడు' అంటే తనయందు తాను నిలిచినవాడు. కాళ్ళ ప్రసక్తి అందులో ఎక్కడా లేదు.

ఫిజియోథెరపీకి వచ్చే కుర్రవాడు ఒకనాడు, "మాస్టారూ, ముందుగా మీకేం చేసుకోవాలనుంది?" అని అడిగాడు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. నా అన్నం నేను కలుపుకోవాలన్నాను. మర్నాటి నుంచి వ్యాయామం మారింది. గోధుమపిండి ముద్ద పిసకడం, చింతగింజలు ఒక గిన్నెలోంచి మరొక గిన్నెలోకి ఏరి వేయడం, పాత చొక్కా ఒళ్ళో పెట్టుకుని గుండీలు తీసి పెట్టడం. ఊపిరికి మాత్రం నా పాఠం నేనే ఏర్పరచుకున్నాను. సీసపద్యంలో ఒక పాదమంటే ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. దానిని ఒక్క ఊపిరిలో చదవాలి. మొదట్లో సగానికే తెగేది. పాదం పూర్తయిన నాడు వంటింట్లోంచి, "ఇవాళ విరగలేదండీ" అని వినబడింది.

నేటికీ కుడిపాదం వ్రేలాడుతుంది. బూటులో ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. కొలబద్ద మీద ఇంకా రెండే. కాని అన్నం నేనే కలుపుకుంటున్నాను. మెడ దగ్గరి గుండీ తప్ప తక్కినవి నేనే పెట్టుకుంటున్నాను. వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు కూర్చుని ఛందస్సు చెబుతున్నాను.

మీ ఎరుకలో ఇటువంటి రోగి ఎవరైనా ఉంటే, ఆయనకు ఏది చేసుకోవాలని ఉందో అడగండి. గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా చేయి అడ్డం పెట్టకండి. వీలైతే ఒక్క పూట ఆయన దగ్గర మీరు కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలిని కాస్త నిద్రపోనివ్వండి.