దొరకని సీసా... దొరకని రుమాలు

ఫారిన్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో ఏముంటాయో మన ఇళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. చాక్లెట్లు, సెంటు సీసాలు, డ్యూటీ ఫ్రీలో కొన్న ఒక మందు బాటిల్. పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో ఉద్యోగం చేసే మా తమ్ముడు మాత్రం డ్యూటీ ఫ్రీ వైపు కన్నెత్తి చూడడు. "అక్కడ దొరికేది శంషాబాద్‌లో కూడా దొరుకుతది అన్నా, మోసుకొచ్చుడెందుకు?" అంటాడు. పోయినసారి వాడు తెచ్చిన రెండు సీసాలే మమ్మల్ని పోచంపల్లి దాకా తీసుకెళ్లాయి.

అవి పోర్ట్ వైన్ సీసాలు. నల్లగొండ జిల్లాలో పెరిగినవాళ్లకు ఆ వైన్ సంగతి కల్లుతో పోల్చి చెబితే తొందరగా అర్థమవుతుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. దాన్ని ఆపడం మనవల్ల కాదు. వాళ్లేమో ద్రాక్షరసం సగం పులిసేసరికి ద్రాక్షసారాయి పోసి, అక్కడికక్కడే ఆపేస్తారు. తీపి మిగిలిపోతుంది, ఘాటు పెరుగుతుంది, ఏళ్ల తరబడి నిలవుంటుంది. దోరు నది లోయలో ఏ ద్రాక్షతో ఈ వైన్ చేయాలో 1756లోనే హద్దులు గీశారు. ఆ హద్దుల్లో పండిన ద్రాక్షదే అసలు పోర్ట్.

దాన్ని ఎంచుకోవడంలో మా వాడికో లెక్కుంది. వింటేజ్ రకానికి పేరెక్కువ. కానీ అది రెండు మూడేళ్లకే పీపాలోంచి సీసాలోకి వెళ్లి, అక్కడే దశాబ్దాల పాటు ముదురుతుంది. అడుగున మడ్డి పేరుకుంటుంది. విమానంలో కుదిపి తెస్తే ఆ మడ్డి కిందికి దిగేదాకా సీసాను కదలకుండా నిలబెట్టాలి. మూత తీస్తే ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి. టానీ రకం అలా కాదు. పీపాలోనే ముదిరి వస్తుంది కాబట్టి ప్రయాణాన్ని తట్టుకుంటుంది, తెరిచాక కూడా కొన్ని వారాలు బాగుంటుంది. అందులోనూ వాడు వెతికేది కొల్యేటా. ఒకే ఏడాది పంటతో చేసి, తక్కువలో తక్కువ 7 ఏళ్లు పీపాలో ఉంచుతారు. లేబుల్ మీద పంట ఏడాది, సీసాలో నింపిన ఏడాది రెండూ చూస్తాడు. ఎన్నేళ్లు పీపాలో ఉందో ఆ తేడాయే చెబుతుంది. మన దేశంలోకి సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లే. రెండు సీసాలతోనే సరి. అందుకే ఆచితూచి ఎంచుతాడు.

ఆ రెండింటిలో ఒకటి మాత్రం వాడు కొన్నది కాదు. అద్దెకుండే ఇంటి పెద్దాయన, ఎప్పటినుంచో దాచుకున్నది తీసి "మీ అన్నకివ్వు" అని ఇచ్చాడట. "దీనికి బదులు ఆయనకేం తీసుకుపోవాలె అన్నా? దుకాణంల పోయి పైసలు పెడితే వచ్చేది మాత్రం వద్దు" అన్నాడు మా వాడు. వాడు తిరిగి వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులుంది. పోచంపల్లి పోదాం పద అన్నాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్లి ఎడమకు తిరగాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు రాసిచ్చిన ఊరిది. అప్పట్నుంచి భూదాన్ పోచంపల్లి అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో ఇక్కడి ఇక్కత్ ఒకటి. అంటే దోరు లోయకు పోర్ట్ ఎట్లాగో, ఈ ప్రాంతానికి ఇక్కత్ అట్లాగన్నమాట.

గుర్తింపు ఉన్నా నకలు ఆగలేదు. మిల్లు బట్ట మీద చిటికి పువ్వులు అచ్చేసి 'పోచంపల్లి డిజైన్' అని అమ్మే దుకాణాలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. పట్టుకోవడం కష్టం కాదు. బట్ట తిరగేయండి. అచ్చయితే వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. నేసిందైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే నేయకముందే నూలుకు రంగు పడింది. పువ్వు అంచులు కూడా గీత గీసినట్టుండవు, కాస్త చెదిరినట్టుంటాయి.

ఒక నేతగాడి ఇంట్లో కూర్చుని పని చూశాం. పేక నూలును ముందు ఆసు పోస్తారు, అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ చుడతారు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇళ్లలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే, భుజం నొప్పీ వాళ్లదే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో ముడులు వేస్తారు, రంగులో ముంచుతారు, విప్పుతారు, ఇంకో రంగుకు మళ్లీ కడతారు.

మా వాడు ఇదంతా చూసి, "దీంట్లో అన్నిటికన్నా దొరకనిదేది?" అని అడిగాడు. నేతగాడు ఆలోచించకుండా చెప్పాడు, "తేలియా రుమాల్. పుట్టపాక పోండ్రి."

హైవే దాటి అవతల, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది పుట్టపాక. తేలియా రుమాల్‌కు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఇదే రోజుల తరబడి సాగుతుంది. నూనె వాసన వల్లే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. పడుగు, పేక రెండింటికీ ముడులు వేసి, మగ్గం మీద రెండూ కలిసేచోట పువ్వు సరిగ్గా కుదిరేలా నేస్తారు. ఒకప్పుడు చీరాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవి. ఎండలో తలకు చల్లగా ఉంటుందని అరబ్బులు చుట్టుకునేవారు. 2020లో దీనికీ విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది.

"తయారుగా ఉందా?" అని అడిగాం. అక్కడి పెద్దమనిషి నవ్వాడు. "ఇది దొరకది సార్, చేపిచ్చుకోవాలె. ఇప్పుడే కావాలంటే బజార్ల ప్రింటుది ఉంటది. ఆగెటోళ్లు ఉంటేనే ఈ పని ఉంటది."

మా వాడు బేరమాడలేదు. అడ్వాన్సు ఇచ్చి, ఉత్త చేతులతో విమానమెక్కాడు. సంక్రాంతికి ముందు ఇచ్చిన ఆర్డరు ఉగాది దాటాక నా చేతికొచ్చింది. పోర్తో వెళ్తున్న తెలిసినవాళ్లతో పంపించాను.

మీరూ పోచంపల్లి వెళ్తే సాయంత్రానికి సంచి నింపుకుని రావాలన్న తొందర పెట్టుకోకండి. దుకాణంలో చేనేత గుర్తు, పట్టయితే సిల్క్ మార్క్ ఉన్నాయేమో చూడండి, బట్ట తిరగేయండి. ఆ తర్వాత ఒక్క మగ్గం దగ్గరైనా కూర్చుని, ఎన్ని రోజుల పనో అడగండి. నచ్చితే ఆర్డరిచ్చి రండి. మీరు ఆగిన ఆ మూడు నెలలూ అక్కడ ఒక మగ్గం ఆడుతుంది.