రెప్పవెంట్రుకలు కనిపించేదాకా

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక దండ వేయడానికి సరైన ఫొటో కోసం వెతుక్కోవడం మనలో చాలామందికి అనుభవమే. మా తాతయ్యకైతే రేషన్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు. అందులో ఆయన కళ్లు ఎక్కడున్నాయో ఊహించుకోవాల్సిందే. నాన్న విషయంలో అలా జరగకూడదనుకున్నాను.

నాన్న బొల్లారం పారిశ్రామికవాడలో ఓ మందుల ఫ్యాక్టరీలో పాతికేళ్లు షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్కరే ఉన్న ఫొటో అంటే గుర్తింపుకార్డు మీదిదే. ఆ అలవాటేనేమో, కెమెరా చూడగానే భుజాలు బిగించి ఊపిరి బిగబట్టేస్తారు. పైగా మాది ఇరుకిల్లు, ముందుగదికి ఒక్కటే కిటికీ. ఫ్లాష్ వేస్తే ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది.

అందుకే పాతకాలపు 50 ఎం.ఎం. లెన్సు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎపర్చర్ ఎఫ్/1.4. అంటే వెలుతురు వచ్చే దారి బాగా వెడల్పు. మామూలు జూమ్ లెన్సు ఎఫ్/5.6 దగ్గర తీసుకునే వెలుతురుకు ఇది పదహారు రెట్లు తీసుకుంటుంది. కిటికీ వెలుగే చాలు. ఆటోఫోకస్ మాత్రం ఉండదు, చేత్తో రింగు తిప్పుకోవాలి. తగిన అడాప్టర్ ఉంటే ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలకూ బిగించుకోవచ్చు.

ఇలాంటి లెన్సులకు పెద్ద చరిత్రే ఉంది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ ఎఫ్/3.6 లెన్సును పోర్ట్రెయిట్ల కోసమే రూపొందించాడు. అంతకుముందు ఫొటో కోసం నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. తర్వాత మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కొలువు పెద్దల ఫొటోలు తీసిందీ చేత్తో ఫోకస్ చేసుకునే. నవాబులకు దక్కిన ఆ తీరిక షిఫ్టు కార్మికుడికి దక్కలేదు. గుర్తింపుకార్డు ఫొటోకు ఎవరు అంతసేపు చూస్తారు?

ఈ లెన్సుతో చిక్కు ఒకటే. మీటరు దూరం నుంచి ఎఫ్/1.4లో తీస్తే స్పష్టంగా వచ్చేది మూడు సెంటీమీటర్ల మేరే. కన్ను తేటగా ఉంటే చెవి మసక. మనిషి కాస్త ముందుకు వంగినా ఫోకస్ తప్పిపోతుంది. అందుకే తెర మీద కంటిని పెద్దది చేసుకుని, రెప్పవెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా రింగును నెమ్మదిగా తిప్పాలి.

"ఇంకెంతసేపురా?" అన్నారు నాన్న. కాసేపటికి ఆ విసుగు పోయి, నైట్ షిఫ్టు కబుర్లలో పడ్డారు. భుజాలు వాటంతటవే వదులయ్యాయి. అప్పుడు కనిపించింది, నల్లగుడ్డు చుట్టూ సన్నటి బూడిదరంగు వలయం. రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటాం. అది ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. ఆయనకు వయసైపోతోందన్న మాట మొదటిసారి గుండెకు తగిలింది.

ఫొటోలో వెనకున్న దండెం, క్యాలెండరు మసకలో కలిసిపోయాయి. అమ్మ చాలాసేపు చూసి, "ఇదీ మీ నాన్న ముఖం" అంది.

మీ ఇంట్లోనూ ఓ ఉదయం కిటికీ పక్కన కుర్చీ వేసి పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. పాత లెన్సు దొరికితే సరే, లేకపోతే ఉన్న కెమెరాతోనే తీయండి. నవ్వమని మాత్రం అడక్కండి. మీరు ఫోకస్ చూసుకునే ఆ రెండు నిమిషాలూ వాళ్లను మాట్లాడనివ్వండి.