కొల్లేటి చాంతాడు

నెలలో నా బతుకు మూడు తేదీల మీద నడుస్తుంది. పదకొండున అమ్మకాల రిటర్ను వెయ్యాలి. పద్నాలుగున టూ-బీ వస్తుంది. మాకు సరుకు అమ్మినవాళ్ళు ప్రభుత్వానికి చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. వాటిని మా కొనుగోలు పుస్తకంతో ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. ఇరవయ్యో తేదీలోపు త్రీ-బీ రిటర్ను వేసి పన్ను కట్టేస్తే ఆ నెలకి ఒడ్డున పడ్డట్టు. విజయవాడ వన్‌టౌన్‌లో పైపులూ ఫిట్టింగులూ టోకున అమ్మే షాపులో పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. చేరిన కొత్తలో వ్యాట్ ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. ఫారాల పేర్లు మారాయి, పుస్తకాలు కంప్యూటర్లోకి వెళ్ళాయి. ఒక అంకె పక్కన ఇంకో అంకె పెట్టి రెండూ ఒకటేనా అని చూసే పని మాత్రం అలాగే ఉంది.

మా నాన్న నా ఉద్యోగాన్ని కొల్లేటి చాంతాడు అంటాడు. ఎంత లాగినా కొస దొరకనిదని. కొల్లేరు ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఆ మాట వాడతారుగానీ నాన్నది ఆకివీడు వైపు పల్లె. ఆయన నోట్లో ఆ మాట సామెతలా వినపడదు, ఊరి దారి చెబుతున్నట్టు ఉంటుంది.

ఇరవై ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకా పని పలచబడుతుంది. రోజువారీ ఓచర్లు రాసుకోవడం, బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూడటం, అంతే. ఆ పది రోజులూ నాకు చాలా ఏళ్ళు కష్టంగా గడిచాయి. మనకి దీనికి రెండు మాటలున్నాయి. విసుగు ఒకటి, తోచకపోవడం ఒకటి. విసుగు పని మీద వస్తుంది. దాన్ని ఎవరిమీదైనా చూపించొచ్చు, టీ తాగితే కాస్త తగ్గుతుంది కూడా. తోచకపోవడం వేరు. అది పని లేనప్పుడు వస్తుంది. ఎదురుగా అన్నీ ఉంటాయి, ఏదీ మనసుకి తగలదు. నన్ను నలగ్గొట్టింది విసుగు కాదు, అది.

మూడేళ్ళ క్రితం జూలైలో, అలాంటి ఒక మధ్యాహ్నం, షాపు మేడమీద వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. కరెంటు తీగ మీద నల్లటి పిట్ట ఒకటి, తోక చివర రెండుగా చీలి ఉంది. పైన గద్ద తిరుగుతోంది. చూస్తుండగానే ఆ పిట్ట బాణంలా లేచి, తనకి ఎన్నో రెట్లున్న గద్దని వీపు మీద పొడుస్తూ గోదాముల అవతలిదాకా తరిమి, తిరిగొచ్చి అదే తీగ మీద అదే చోట కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా పులకరించింది. నాన్నకి ఫోన్ చేశాను.

“తోక చీలిందా? పసలపోలిగాడమ్మడూ. గూడు దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. మా ఊళ్ళో గేదెల మీదెక్కి ఊరేగేవాడు. గేదె నడుస్తుంటే గడ్డిలోంచి పురుగులు లేస్తాయి కదా, వాటికోసం” అన్నాడు.

ఆ పిట్ట ఆ తీగ మీద అంతకుముందు కూడా ఉండే ఉంటుంది. పేరు తెలిశాకే నాకు కనపడటం మొదలైంది. మర్నాడు దాన్ని వెతికాను. ఆ పక్కరోజు దానితోపాటు గోరువంకలు, పిగిలిపిట్ట, తీగమీంచి ఎగిరి పురుగుని పట్టి మళ్ళీ తీగమీదికే వచ్చే పచ్చటి పసిరిక పిట్ట. నేను రాసుకునే మనిషిని కాబట్టి వాడని పాత లెడ్జరు ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాను. తేదీ, వేళ, పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తోంది. సలీం అలీ పక్షుల పుస్తకం కొనుక్కున్నాను. ఆయన దాన్ని 1941లో మొదట తెచ్చారు. చిన్నప్పుడు తను కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ చూసి, ఇదేం పిచ్చుకో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కిన కుర్రాడు ఆయన. ఆ మెట్లెక్కడమే నాకు నచ్చింది. పేరు తెలియనిదాన్ని అలా వదిలెయ్యలేకపోవడం నా వృత్తిలోనూ ఉంది. ఏ ఖాతాలోదో తెలియని మొత్తాన్ని సస్పెన్స్‌లో పెట్టి, అది తేలేదాకా నిద్రపోం.

మా ఇల్లు ఊరి చివర. చుట్టూ ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ స్థలాలు. రాత్రిపూట అక్కడ తీతువు అరుస్తుంది. చిన్నప్పుడు ఆ అరుపు వింటే మా నాయనమ్మ దుప్పటి కప్పి, ఎవరింట్లోనో ఏదో కీడని గొణిగేది. ఇప్పుడు దాన్ని రెండు వేసవులు చూశాను. గూడంటూ కట్టదు. బోడి నేల మీద, రాళ్ళ మధ్య రాళ్ళలాంటి గుడ్లు పెడుతుంది. కుక్కో మనిషో దగ్గరికొస్తే ఎగిరి అరుస్తూ, వాళ్ళ చూపుని గుడ్లనుంచి ఇంకోవైపు లాక్కుపోతుంది. అది మన చావుల గురించి అరవడం లేదు, తన పిల్లల గురించి అరుస్తోంది. ఈ సంగతి నాయనమ్మకి చెప్పలేకపోయానే అన్న బాధ నాకు నిజంగా ఉంది.

ఈ సంక్రాంతికి నాన్ననీ, ఇంటర్ చదివే మా అమ్మాయినీ తీసుకుని కైకలూరు వెళ్ళాను. అక్కడ మా మేనత్త ఉంది. చాలా ఏళ్ళు పండక్కి కదిలింది లేదు. టూ-బీ వచ్చేదీ సంక్రాంతి వచ్చేదీ ఇంచుమించు ఒక్కరోజే కదా. ఈసారి జనవరి మొదటివారం నుంచే రోజూ రెండు గంటలు ఎక్కువ కూర్చుని, మిగిలింది వచ్చాక చేస్తానని చెప్పి భోగినాడు పొద్దున్నే రైలెక్కాం.

గుడివాడ దాటాక కిటికీ రూపు మారిపోతుంది. మండవల్లి వచ్చేసరికి రెండువైపులా చెరువులే, మధ్యలో గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. చెరువులో వరసగా పాతిన గెడలకి చిల్లుల సంచుల్లో తవుడు వేలాడుతుంది. బొచ్చెలూ శీలావతులూ వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. నాన్న కిటికీ ఊచలు పట్టుకుని, ఇక్కడ వరి ఉండేది, ఇక్కడ వట్టి నీళ్ళుండేవి అంటూనే ఉన్నాడు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసే నీళ్ళతో నిండి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోయే సరస్సు కొల్లేరు. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. వీటిలో ఒక్కోదాని వెనకా ఒక్కో ఊరి అన్నం ఉంది. చెరువులు తవ్వినవాళ్ళూ మా బంధువులే, పక్షుల పక్షాన ఉన్నదాన్నీ నేనే. తీర్పు చెప్పే స్థానం నాది కాదుగానీ, నీళ్ళకి నీళ్ళుగా ఉండే చోటు కొంతైనా మిగలాలని గట్టిగా కోరుకుంటాను.

కనుమనాడు వెళదామంటే నాన్న ఒప్పుకోలేదు. కనుమనాడు కాకైనా కదలదన్నాడు. అత్తయ్య మినప గారెలు వేసింది. డాబా మీద కూర్చుని తిన్నాం. కాకులు ఎప్పట్లాగే కదిలాయి. ముక్కనుమ పొద్దున ఆటపాక బయల్దేరాం, ఊరికి దగ్గరే.

గట్టు ఎక్కకముందే చప్పుడు వినిపించింది. కొన్ని వందల గొంతులు కలిసిన గురగుర. ఆ తర్వాత వాసన, చేపదీ రెట్టదీ. ఆ తర్వాత కనపడ్డాయి గూడబాతులు. ఒకప్పుడు నీళ్ళలో ఉన్న చెట్ల మీద గూళ్ళు కట్టుకునేవట. ఆ చెట్లు చచ్చిపోతే అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతారు. అంతస్తులుగా కమ్మీలు, వాటిమీద పుల్లల గూళ్ళు, గూటికి రెండో మూడో పిల్లలు. ఇనుము మీద గూడా అని మొదట మనసొప్పలేదు. కాసేపు చూశాక ఆ మాట నాలోంచి పోయింది. ఒక గూడబాతు ముక్కున పుల్ల పట్టుకొచ్చి, రెక్కలు వెనక్కి బిగబట్టి, ఆ ఇరుకులో సరిగ్గా తన గూటిమీదే దిగింది. జంట పక్షి ఆ పుల్లని అందుకుని ఎంతో జాగ్రత్తగా దోపింది. వాటికి కావలసింది నీళ్ళ మధ్య చోటు, కింద నుంచి ఎవరూ ఎక్కిరాని ఎత్తు. ఆ రెండూ అక్కడున్నాయి.

చాలాసేపు పిల్లల్నే చూశాను. పిల్ల తలంతా తల్లి గొంతు సంచిలోకి పెట్టేసి, లోపల ఉన్న చేపకోసం పెనుగులాడుతుంది. చూస్తే తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది. తల్లి కళ్ళు మూసుకుని భరిస్తుంది. తండ్రీ అదే చేస్తుంది. ఎండ ఎక్కాక పెద్దవి ఒక్కొక్కటే నీళ్ళమీద పరుగెత్తి బరువుగా లేచాయి. వేడిగాలి దొరికేదాకా ఆ కష్టం. దొరికాక రెక్క ఆడించకుండా, గుండ్రంగా, పైకి, పైపైకి. అంత బరువైన ప్రాణి అంత తేలిగ్గా తిరగడం చూసి మా అమ్మాయి ఫోన్ సంచిలో పెట్టేసింది.

స్టాండ్ల కింది అంచుల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తోక దగ్గర గులాబి రంగు పూసుకున్న ఎర్రకాళ్ళ కొంగలున్నాయి. ముక్కు రెండు దవడల మధ్య సందు ఉండే నత్తగుల్ల కొంగ ఒకటి గట్టు పక్కన బురదలో నత్తని తీసి, గుల్ల పగలకుండా మాంసం లాగింది. ఒంటరిగా ఆ పని ఎంత ఓపికగా చేసిందో!

పడవలో నాన్న చెయ్యి నీళ్ళలో పెట్టాడు. “తాటి దోనెలో వచ్చేవాళ్ళం ఇక్కడికి. గెడ వేస్తే అడుగు తగిలేది.”

“అడుగు తగిలితే మరి చాంతాడు అంత పొడవెందుకు తాతయ్యా?” అంది మా అమ్మాయి.

నాన్న ఆలోచించాడు. “లోతుకి కాదమ్మా, దూరానికి. వేసవిలో నీళ్ళు వెనక్కి పోయేవి. ఊరు ఉన్నచోటే ఉండేది. తాడు కలుపుకుంటూ పోవాల్సిందే కదా.”

సామెత అలాగే పుట్టిందో లేదో. ఆయన చెప్పిన మాట మాత్రం నాలో ఉండిపోయింది. నీళ్ళు అక్కడే ఉన్నాయి, లోతు కూడా లేదు. మన నుంచి దూరం జరిగాయి, అంతే. షాపు కిటికీ దగ్గర నాకు జరిగిందీ అదే అనిపించి, పడవ దిగేదాకా ఎక్కువ మాట్లాడలేదు.

గూళ్ళు లెక్కపెట్టాను. ఒకసారి 164, ఇంకోసారి 171, మూడోసారి ఒక వరస ఎండకి మెరిసి 158. మా అమ్మాయి సగటు రాయమంది. నాన్న మూడూ రాయమన్నాడు. తేడా ఉంటే ఆ పేజీ వదలని చేత్తో, మూడు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి రాసి అలాగే ఉంచాను.

తిరిగొచ్చిన మర్నాటి నుంచి టూ-బీ. ఇరవైకల్లా ముగించాను. ఇరవై ఒకటి మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వెళ్ళాను. తీగమీద పసలపోలిగాడు లేడు. రెండు గోరువంకలున్నాయి. రాసుకున్నాను.

పిల్లలు మార్చికల్లా ఎగురుతాయని పడవ నడిపినాయన చెప్పాడు. మార్చి అంటే ఏడాది లెక్కలు మూసే నెల. స్టాకు, బాకీల జాబితా, ఆడిటరు గారి ప్రశ్నలు. పంతొమ్మిదేళ్ళలో ఆ నెల్లో నేను ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నిన్న పెట్టాను. మా షాపులో సెలవు చీటీ మీద కారణం దగ్గర అందరం ‘సొంత పని’ అని రాస్తాం. నేను ‘ఆటపాకలో గూడబాతు పిల్లలు ఎగరడం చూడటానికి’ అని రాశాను. మా యజమాని చీటీ రెండుసార్లు చదివి, “వాటి ముక్కు కింద సంచి ఉంటుంది, అవేనా?” అని అడిగి సంతకం పెట్టారు.