బుడగల టోపీ

గాలిబుడగను మెలిపెట్టి టోపీ చేయుటయు నొక విద్యయా యని మా మిత్రు లొకరు నవ్విరి. వాత్స్యాయనుఁడు చెప్పిన అరువదినాలుగు కళలలో శేఖరకాపీడయోజనము, అనఁగా తలపై ధరించు పూలదండల కూర్పు, కలదు. అది కళ యైనచో ఇది యేల కారాదు?

దీనిని మేము సెల్‌ఫోనులోని వీడియోలను చూచి నేర్చుకొనుచున్నాము. ఇందులకు వాడు బుడగకు 260 అని పేరు. గాలి నిండిన పిమ్మట సుమారు 2 అంగుళముల లావు, 60 అంగుళముల పొడవు నుండును. చేతిపంపుతో నింపి, తుదిని కొంత తోక విడువవలెను. మెలిపెట్టినపుడు గాలి జరుగుటకు చోటు వలయును గదా! ముడిచెంత చిన్న ఉండ నొకదానిని మెలిపెట్టి, బుడగను పిల్లవాని తలచుట్టు కొలిచి, ఆ కొలతచోట ఉండతో పెనవేసినచో వలయ మేర్పడును. మిగిలినది తురాయివలె నిలుచును. మెలు లన్నియు నొకవైపునకే త్రిప్పవలెను, లేకున్న విడిపోవును.

వీడియోలోని గురువునకు విసుగు లేదు. పదిమారు లడిగినను అదే చిరునవ్వు. మన బడులలో రెండవమారు అడిగిన బాలుఁ డెట్టి చూపునకు గురియగునో చదువరు లెఱుఁగుదురు. అయినను ఆ గురువునకు మా వ్రేళ్లు కనఁబడవు. ఎదురుగా నిలిచి చూపుటచే ఆయన కుడిచేయి మాకు ఎడమవైపున నుండును. ఈ చిక్కు విప్పినవాఁడు మా తరగతిలో కడపటి బల్లమీఁది బాలుఁడు. సంధిసూత్రములు వానికి రావు. వాఁడు మా వెనుక నిలిచి, భుజముమీఁదుగా చేతులు చాఁచి, మా వ్రేళ్లపై తన వ్రేళ్లుంచి త్రిప్పెను. ఈ నేర్పునకు మార్కులు వేయుటకు మా పట్టికలో గడి లేదు.

పగిలిన రబ్బరు తునుకలను వాఁడే యేరి చెత్తబుట్టలో వేసెను. పసిపిల్లలు నోటఁ బెట్టుకొన్నచో గొంతు కడ్డుపడునని వానికి మేము చెప్పలేదు.