బత్తాయి షెడ్డులో ముక్కు లారీ

అక్క ఫోన్ చేసి "మీ బావకు పిచ్చి లేసింది, ఒకసారి వచ్చి చూసిపో" అన్నది. అందులో కోపమెంతో నవ్వెంతో ఫోన్లో తేలలేదు. ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సెక్కి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్ దాటి నకిరేకల్‌లో దిగాను. బైకు మీద వచ్చిన మేనకోడలు "మామా, ముందు ఇంటికా, షెడ్డుకా?" అని అడిగింది. షెడ్డుకే అన్నాను.

ఊరి బయట బావ బత్తాయి తోట. కాయ కోసినప్పుడు రాశి పోయడానికి వేసుకున్న రేకుల షెడ్డు అది. ఇప్పుడు అందులో కాయ లేదు, లారీ ఉంది. లారీ అనడం కూడా ఎక్కువేమో. పొడుగాటి ఛాసీ, దాని మీద ఇంజిను, ముందు గుండ్రటి బానెట్టు, అంతే. క్యాబిన్ లేదు, వెనక తొట్టి లేదు. చక్రాల కింద చెక్క దిమ్మెలు. మా చిన్నప్పుడు ముక్కు లారీ అనేవాళ్లం చూడండి, ముందుకు ముక్కు పొడుచుకొచ్చి ఉండేది, అదే. టాటా మెర్సిడెస్ బెంజ్ 1210.

"ఎట్లుంది బామ్మర్దీ?" అన్నాడు బావ, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. బావ జీవితంలో సైకిలు పంక్చరు కూడా వేసుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఈ బండి ఆయన నాయినది. పెద్దాయన దీన్ని 1968లో కొన్నాడు. జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో టాటాల ఒప్పందం 1954లో కుదిరి 1969 దాకా నడిచింది. అంటే ముక్కు మీద మూడు కోణాల చుక్క ఉన్న చివరి బండ్లలో ఇదొకటి. తర్వాత వచ్చిన వాటికి చుక్క పోయి 'టీ' అక్షరం వచ్చింది. పెద్దాయన కొనడానికి ముందటేడే, 1967 ఆగస్టులో, సాగర్ కాల్వలకు నీళ్లొదిలారు. మిర్యాలగూడ వైపు వరి పెరిగింది, మిల్లులు పెరిగాయి, బియ్యం బస్తాలు మోయడానికి లారీలు చాల్లేదు. ఇరవై మూడేళ్లు బియ్యం, బత్తాయి, సిమెంటు మోసి 1991లో కూతురి పెళ్లికి అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో లెక్క లేదు. రెండేళ్ల కింద కట్టంగూర్ అవతల కోళ్ల ఫారం గోడ పక్కన వేపచెట్టు కింద బావకు కనపడింది.

"నీకెట్ల తెలిసింది ఇదే అని?"

బావ సమాధానం చెప్పకుండా ఛాసీ కుడి పట్టీ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ తుప్పును కిరసనాయిలుతో కడిగి చదును చేశారు. దాని మీద కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా తేలాయి. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఛాసీ ప్రింటు తీస్తారే, అట్లాగే. ఇంట్లో ఇనప్పెట్టెలో పెద్దాయన దాచుకున్న పాత ఆర్‌సీ పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె సరిచూశాడట. అంతకన్నా ముందే ఇంకో గుర్తు దొరికింది. డ్యాష్‌బోర్డు రేకుకు ఎడమ వైపు నాలుగు చిన్న బెజ్జాలు. పెద్దాయన యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన నరసింహస్వామి ఇత్తడి రేకును అక్కడ బిగించాడు. రేకు ఎవరో ఊడదీసుకున్నారు, బెజ్జాలు మిగిలాయి. నా చూపుడు వేలు పెట్టించి మరీ చూపించాడు.

మొదటి వారంలో చేసిన తప్పును బావ తానే చెప్పాడు. ఉత్సాహంలో పానాలు కొనుక్కొచ్చి, ఊడినవన్నీ ఊడదీసి, బోల్టులూ నట్లూ వాషర్లూ కలిపి ఒకటే సిమెంటు తట్టలో పోశాడు. సూర్యాపేట షెడ్లలో నలభై ఏళ్లు డీజిలు ఇంజిన్లు విప్పిన ఉస్తాద్‌ను పిలిపిస్తే, ఆయన వచ్చి తట్టలోకి చూసి, ఏమీ అనకుండా కూర్చుని చాయ్ తెప్పించమన్నాడట. వాటిని ఏరడానికే నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు గోడ పొడుగునా ఐస్‌క్రీమ్ డబ్బాలు. ఒక్కోదాని మీద మేనకోడలి గుండ్రటి రాతలో 'ఎడమ కమాన్ వెనక', 'రేడియేటర్ కింది', 'ఇవి ఎక్కడివో తెల్వదు'. చివరి డబ్బా అన్నిటికన్నా పెద్దది.

ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. ఇంజిను పక్కన నిలబడి, "సార్, ఇది ఆరు తొంభై రెండు" అన్నాడు. ఆరు సిలిండర్లు, బోరు 92 మిల్లీమీటర్లు. పేరులోనే లెక్క ఉంది. బండి పేరు కూడా అంతే. 1210లో మొదటి 12 లోడుతో కలిపి టన్నులు, 10 అంటే వంద హార్స్‌పవర్. ఇప్పుడు హైవే మీద మనల్ని దాటిపోయే కొన్ని కార్లకు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇంజిను బిగుసుకుపోయి ఉండె. నాజిళ్లు ఊడదీసి ఆ బెజ్జాల్లోంచి డీజిలు, కిరసనాయిలు కలిపి పోసి తొమ్మిది రోజులు వదిలేశారు. రోజూ పొద్దున ఫ్లైవీల్ పళ్లకు రాడ్డు పెట్టి నెట్టి చూడటం, కదలకపోతే ఇంకాస్త పోయడం. పదో రోజు వెంట్రుక వాసి కదిలింది. "జబర్దస్తీ చేస్తే రింగు ఇరుగుతది" అని ఉస్తాద్ ఆ తొమ్మిది రోజులూ బావ చేతిలోంచి రాడ్డు గుంజుకుంటూనే ఉన్నాడు. తర్వాత హెడ్డు దించారు. రెండు సిలిండర్లలోకి నీళ్లు దిగి లైనర్లు గుంటలు పడ్డాయి, మార్చారు. మైకో పంపు బయట సర్వీసు చేయించారు. ఇంజిను సామాను తిరిగితే దొరికిందట. దొరకనివి మీటర్లు, అద్దం బీడింగు, ముక్కు మీది చుక్క.

భయపడాల్సింది ఇంజినుకు కాదు, చక్రానికి అన్నాడు ఉస్తాద్. ఆ కాలం చక్రానికి ట్యూబు, ఫ్లాపు, పక్కన ఇనుప లాక్ రింగు. తుప్పు తిన్న రింగు గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే ఎగిరి తల పగలగొడుతుంది. అందుకే చక్రాన్ని రెండు గొలుసులతో చుట్టి, పొడుగు పైపుతో దూరం నుంచి గాలి పట్టిస్తున్నారు. గాలి పడుతున్నంతసేపూ అటు కుక్కను కూడా పోనివ్వలేదు.

నన్ను ఎక్కువ సేపు నిలబెట్టింది మాత్రం షెడ్డు వెనక పని. అక్కడ వడ్లాయన క్యాబిన్ చట్రం కడుతున్నాడు. ఆ రోజుల్లో ఈ లారీలు ఎక్కువగా కంపెనీ నుంచి సగమే వచ్చేవి. ఛాసీ, ఇంజిను, బానెట్టు, డ్యాష్‌బోర్డు ఉన్న ముందు రేకు, అంతే. డ్రైవరు సీటు కింద చెక్కపెట్టె వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, నెత్తి మీద ఎండ పడుతుంటే ఊరిదాకా తోలుకొచ్చేవాళ్లు. క్యాబినూ తొట్టీ ఇక్కడి వడ్రంగులవి. పెద్దాయన బండికి విజయవాడలో కట్టించారు. ఆటోనగర్‌లో ఇప్పటికీ ఆ పని నడుస్తోంది, చెక్క తగ్గి ఇనుము పెరిగింది.

మరి బావ దేన్ని 'పాతది పాతట్లా' నిలబెడుతున్నట్టు? జర్మనీ కొలతలకు చేసిన ఇంజినునా, విజయవాడ వడ్రంగి కంటి కొలతతో కట్టిన క్యాబిన్‌నా? ఇంజినుకు పుస్తకం ఉంది. క్యాబిన్‌కు ఒకే ఒక్క ఫొటో ఉంది: పెద్దాయన మడ్‌గార్డు మీద కాలు పెట్టి నిలబడ్డది, అందులో తలుపు సగమే కనపడుతుంది. వడ్లాయన ఆ ఫొటోను సెల్‌ఫోన్‌లో పెద్దది చేసి, పెద్దాయన మోకాలి ఎత్తును బట్టి కిటికీ ఎత్తు లెక్కగట్టాడు. ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తోచలేదు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం తెప్పించుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. రోడ్డు మీద అది తిరిగింది కొద్ది వందల మైళ్లే. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టినప్పటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ ముస్తాబు చేయించి నిలిపింది. లారీని అట్లా నిలబెట్టుకున్నవాళ్లు అరుదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి చివరికి కిలోల లెక్కన పోతుంది.

మధ్యాహ్నం స్టార్ట్ చేద్దామన్నారు. ముందు డీజిలు లైనులో గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బావ చేతిపంపు కొడుతుంటే నురగ, నురగలో బుడగలు, కాసేపటికి బుడగలు లేని డీజిలు. రెండు బ్యాటరీలు కలిపి సెల్ఫ్ కొట్టారు. రెండుసార్లు ఊరికే తిరిగింది. మూడోసారి షెడ్డంతా తెల్లటి పొగ, ఇనుప పళ్లెంలో నట్లు గలగలమన్నాయి. ఇంజిను అందుకుంది. బావ ఏదో అరిచాడు, వినపడలేదు. అక్క గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

అర నిమిషం గడిచిందో లేదో, ఉస్తాద్ చెయ్యి చాపి ఆపేశాడు.

"ఎందుకాపినవ్?" బావ మొహం చూడాలి.

"ఆయిలు ముల్లు లేవలే."

ముల్లు లేవకపోతే ఆయిలు అందనట్టు, అందకపోతే కొత్త బేరింగులు పోయినట్టు. మీటరుకు పోయే సన్న పైపు ఊడదీసి, చూడమని నన్ను వంగబెట్టి, సెల్ఫ్ కొట్టాడు. నల్లటి ధార నా చొక్కా జేబు మీద పడింది. "ఆయిలున్నది. మీటరే ఖరాబు" అని ఉస్తాద్ నవ్వాడు, ఆ రోజుకు మొదటిసారి. వేరే మీటరు దొరికిందాకా ఇంజిను ముట్టేది లేదన్నాడు. బావ బతిమాలినా వినలేదు.

అన్నాల దగ్గర కాగితాల మాట వచ్చింది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటితే, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు కడితే, 'వీఏ' అక్షరాలున్న నంబరు పదేళ్లకు ఇస్తారు. రోజువారీ తిరగొద్దు, ర్యాలీకో ప్రదర్శనకో తీసుకుపోవచ్చు. అయితే అది సొంతానికి వాడుకునే టూ వీలర్లకూ కార్లకే. సరుకు మోసే బండి అందులో లేదు.

"దీనికి యాభై ఏండ్లు దాటినయి గదా?" అన్నది అక్క.

"దాటినయి. కాని ఇది లారీ."

"మరి యాడ తోల్తవ్?"

బావ చేతిలో ముద్ద అట్లాగే ఉంచుకుని, కిటికీలోంచి తోట వైపు చూపించాడు. షెడ్డు నుంచి గేటు దాకా దారి మనదే, ఎవ్వని పర్మిషన్ అక్కర్లేదన్నాడు. అడిగితే కొలిచే ఉంచాడు, 340 అడుగులు. ఆ దారిలో అడ్డం వచ్చేది ఒకటే, గేటు దగ్గరి పెద్ద బత్తాయి చెట్టు కొమ్మ. క్యాబిన్ ఎక్కితే సరిగ్గా దాని నెత్తికి తగులుతుంది. కొమ్మ కొట్టెయ్యాలని బావ. కాపు మీదున్న కొమ్మ ముట్టొద్దు, క్యాబినే జానెడు తగ్గించుకో అని అక్క. అప్పుడు ఫొటోలో కిటికీకి కుదరదని వాకిట్లోంచి వడ్లాయన.

నేను బస్సు టైమైందని లేచేటప్పటికి ఇంకా తేలలేదు.