చదరంగపు గళ్లలోని సంఖ్య

18446744073709551615. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లలోనూ కలిపి పడే గింజలు ఇన్ని. దీనికి పెద్ద కూడిక అక్కర్లేదు. ఏ గడి దగ్గర ఆగినా, అంతవరకు పోసినవన్నీ కలిపి తర్వాతి గడిలో పోయాల్సినదానికి సరిగ్గా ఒకటి తక్కువ. 1, 2, 4 కలిస్తే 7. పక్క గడిలో 8. కాబట్టి మొత్తం, 2 యొక్క 64వ ఘాతానికి ఒకటి తక్కువ. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైచిలుకు.

ఇరవై అంకెలను తప్పు లేకుండా గుర్తుంచుకోవడం కష్టం. తెలుగువారు దీన్ని ఒక పద్యంలో బిగించి పెట్టుకున్నారు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఏనుగంటే 8, ఆకాశమంటే సున్న. ఈ భూతసంఖ్యలను ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు పేర్చాలి. పద్యం నోటికొస్తే సంఖ్య వచ్చినట్టే. అంకెల్ని గణాల్లో ఇమిడ్చిన ఆ నేర్పు అబ్బురమైనది.

అంకెల వరస చూస్తే ఏ క్రమమూ కనిపించదు. చివర 5 ఉంది కనుక 5తో భాగం పోతుంది. అంకెల మొత్తం 87, కనుక 3తోనూ పోతుంది, 9తో పోదు. అసలు అందం ఇంకా లోపల ఉంది. ఒక వర్గం నుంచి ఒకటి తీసేస్తే, దాని మూలానికి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యల లబ్ధం వస్తుంది. ఆ లెక్కన ఈ సంఖ్య 4294967295, 4294967297ల లబ్ధం. మొదటిది మళ్లీ 65535, 65537గా చీలుతుంది. 65535లో 255, 257. 255లో 15, 17. 15లో 3, 5.

రెండోదే మొండిది. 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417లుగా విడగొట్టాడు. దాని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. ఈ నియమాన్ని నిరూపించినదీ ఆయిలరే. అప్పుడిక వరసగా చూడాల్సినవి 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే తాళం ఊడుతుంది.

అలా తేలిన ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కటీ రెండోసారి రాదు. ఒక్కొక్కదాన్ని తీసుకోవడమో వదలడమో చేయాలి కనుక మొత్తం భాజకాలు 128.

1883లో ల్యూకా ప్రచురించిన హనోయ్ గోపురం ఆటలో 64 బిళ్లలు మార్చడానికీ కనీసం ఇన్ని ఎత్తులే కావాలి. సెకనుకు ఒకటి చొప్పున కదిపినా 58 వేల కోట్ల ఏళ్లు దాటుతుంది. ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది వరసగా అరవై నాలుగు ఒకట్లు. అందుకే 64 బిట్లలో, రుణ సంఖ్యలకు చోటివ్వకుండా, కంప్యూటర్ దాచగల అతి పెద్ద పూర్ణాంకం ఇదే. దానికి ఇంకొక్కటి కలిపితే ఆ 64 బిట్లలో అన్నీ సున్నలే మిగులుతాయి.