చెయ్యి మాట వినే గొట్టం

1984 ఏప్రిల్ నెలలో ఒకనాటి మధ్యాహ్నం నేను ఒక నివేదికలో రెండు మాటలు రాశాను: "కూలీల అశ్రద్ధ". ఆ రెండు మాటల మూలంగా ఒక మనిషికి రావలసిన కూలి డబ్బు నిలిచిపోయింది. అవి తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక్క గంట చాలింది. ఆ తప్పును దిద్దుకోవడానికి ఏడాది పట్టింది.

అప్పుడు నేను హైదరాబాదు శివార్లలో ప్లాస్టిక్ గొట్టాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో ఇంజనీరును. గొట్టాన్ని గొట్టంతో కలిపే కప్లింగుకు నమూనా గీసింది నేనే. దానికి జిగురు అక్కరలేదు, మరలు లేవు, బోల్టులు లేవు. కప్లింగుకు రెండు వైపులా లోపల ఒక గాడి, ఆ గాడిలో రబ్బరు వలయం. గొట్టం కొనను లోపలికి తోస్తే చాలు, వలయం దానిని చుట్టూ పట్టుకుని నీటిని ఆపుతుంది. పి.వి.సి. గొట్టాలకు ఇటువంటి అతుకు ఎంతో అనువైనది. ఎండలో వేడెక్కిన 6 మీటర్ల గొట్టం, మట్టి కప్పి నీరు వదిలాక 25 డిగ్రీలు చల్లబడితే, సుమారు 10 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. జిగురుతో అతికిన చోట ఆ లాగుడంతా అతుకే భరించాలి. రబ్బరు వలయం ఉన్నచోట గొట్టం కాస్త జరిగి ఊరుకుంటుంది.

నా ఆలోచన చాలా సూటిగా ఉండేది. ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం అనుకున్నాను. అందుకని లావైన గుండ్రని వలయాన్ని ఎంచుకుని, గొట్టం దూరినప్పుడు అది బాగా నలిగేటట్లు కొలతలు పెట్టాను. కర్మాగారంలో గొట్టాన్ని బల్లకు బిగించి, మర తిప్పి, తిన్నగా కప్లింగులోకి ఎక్కించాము. చదరపు సెంటీమీటరుకు 10 కిలోగ్రాముల పీడనంలో ఒక రాత్రి, ఒక పగలు ఉంచినా చుక్క కారలేదు. ఆనాటి నా గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది.

అనంతపురం జిల్లాలో ఒక గ్రామానికి మూడు కిలోమీటర్ల దూరంలోని బోరుబావి నుంచి ఈ గొట్టాలు వేశారు. 110 మిల్లీమీటర్ల గొట్టం, సుమారు 500 అతుకులు. పరీక్షకు నీరు వదిలిన రోజున 30కి పైగా చోట్ల మట్టి తడిసింది. ఆ వేసవిలో ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలతో పొలాల్లోని బావికి నడుస్తున్నారు. కొత్త ట్యాంకు నిండుతుందని ఆశపడి చూసిన కళ్ళు మళ్ళీ బావిదారి పట్టాయి. కారణం కనుక్కోమని నన్ను పంపారు. తవ్వించి చూస్తే కొన్ని వలయాలు తెగి ఉన్నాయి, కొన్ని మెలిపడి ఉన్నాయి. గ్రీజు తగిలి ఉబ్బిపోయినవి కొన్ని. రెండు అతుకుల్లో అసలు వలయమే లేదు. ఇంకేమి కావాలి? ఆ రెండు మాటలూ రాసి సంతకం చేశాను. కంట్రాక్టరు ఆ కాగితం చూపి మేస్త్రీ కూలి ఆపేశాడు.

సాయంత్రం మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కోపం లేదు, ప్రాధేయపడడం కూడా లేదు.

"మీ బల్ల మీద ఎక్కినట్ల ఈ గుంతలో ఎక్కదు సార్. ఒగసారి దిగి సూడండి" అన్నాడు.

దిగాను. ఒకటిన్నర అడుగుల వెడల్పు కందకం. మోకాళ్ళ మీద కూర్చుంటే మోచేతులు గోడలకు తగులుతున్నాయి. గొట్టం బరువు ఒకవైపుకు ఒరుగుతోంది. కొన తిన్నగా నిలవదు. దానిని సరిచేసే చేతులతోనే తోయాలి. చెమటతో పట్టు జారుతోంది, రబ్బరు మీద ఇసుక పడుతోంది. వెనుకనుంచి ఇద్దరు చెక్క అడ్డుపెట్టి గడ్డపారతో నెట్టారు. చాలాసేపటికి గొట్టం ఒక్కసారిగా లోపలికి పోయింది. గెలిచానని తలెత్తి చూశాను.

"ఎక్కింది సార్. లోపల రబ్బరు యాడుందో చెప్పండి" అన్నాడు మేస్త్రీ.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కప్లింగు మూసి ఉంటుంది, వలయం కనబడదు. ఊడదీసి చూస్తే అది గాడిలోంచి దొర్లిపోయి, గొట్టానికీ గోడకూ మధ్య మడతపడి నలిగిపోయి ఉంది. నేను స్వయంగా చేసిన అతుకది. నా నివేదిక ప్రకారం నేను కూడా అశ్రద్ధ కూలీనే.

మిగిలిన సంగతులు ఆయనే చెప్పాడు. రంపంతో కోసిన కొన అంచు కత్తిలా ఉండి రబ్బరును కోసేస్తుంది. ఎంతకీ ఎక్కకపోతే చేతికందిన గ్రీజు పూశారు. అది సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుందని వారికి ఎవరూ చెప్పలేదు. వలయం తీసేస్తే సులువుగా ఎక్కుతుంది, సాయంత్రానికి లెక్క పూర్తవుతుంది. ఆ పని చేసినవాడిని ఆయన వెనకేసుకురాలేదు. కాని ఆ దారి చూపింది నా నమూనాయే.

ఆ రాత్రి రెండవ నివేదిక రాశాను. లోపం పనిలో లేదు, నమూనాలో ఉందని రాశాను. మేస్త్రీకి డబ్బు అందింది. కాని ప్రతి అతుకునూ విప్పి చూసి సరిచేసేసరికి జూన్ నెల గడిచిపోయింది. ఆ వేసవిని ఆ ఊరికి తిరిగి ఇవ్వగల నివేదిక ఏదీ లేదు.

తరువాత కొత్త నమూనాకు కూర్చున్నప్పుడు నా ముందు బల్ల లేదు, ఆ కందకమే ఉంది. తేలికగా ఎక్కడం, గట్టిగా ఆపడం అనే రెండింటినీ నేను పరస్పర విరోధులనుకున్నాను. అవి విరోధులు కావు. లావైన వలయం బదులు లోపలివైపుకు తిరిగిన సన్నని పెదవి గల వలయం పెట్టాను. గొట్టం దూరేటప్పుడు ఆ పెదవి వంగి దారి ఇస్తుంది. నీరు వచ్చాక పీడనమే దానిని గొట్టానికి అదిమిపెడుతుంది. పారిపోవాలని చూసే నీటిచేతనే తలుపు మూయించడమన్నమాట. దొంగ చేతికి తాళం ఇవ్వకూడదంటారు గాని, ఇక్కడ అదే మంచి ఉపాయం.

వలయం వెనుక భాగాన్ని వెడల్పు చేసి, గాడిలో దొర్లకుండా కూర్చోబెట్టాను. కప్లింగు నోటిని లోపలికి పొడిగించాను. గొట్టం రబ్బరును తాకకముందే తిన్నగా నిలబడుతుంది కనుక చేతులకు ఒకసారి ఒకే పని. మధ్యలో చిన్న అడ్డు పెట్టడంతో రెండువైపుల గొట్టాలూ సమంగా దూరుతాయి. కొనను 15 డిగ్రీల ఏటవాలుగా చెక్కి, ఎంత లోతు దూరాలో గీత గీసి పంపాము. కోసిన గొట్టాన్ని ఆకురాయితో అలాగే అరగదీయాలని, గ్రీజు బదులు సబ్బు నీళ్ళు పూయాలని బొమ్మలు వేసి ఇచ్చాము. తోసి కలిపిన అతుకు లాగుడును ఆపదు. 6 కిలోగ్రాముల పీడనంలో ఈ గొట్టం మూసిన చివర మీద దాదాపు 570 కిలోల తోపుడు పడుతుంది. కాబట్టి చివరలా మలుపులా కాంక్రీటు దిమ్మ వేయాలని అదే కాగితంలో చేర్చాము.

అన్నిటికన్నా చివర మేస్త్రీ ప్రశ్నకు జవాబు. కప్లింగు నోటి దగ్గర సన్నని సందు వదిలాను. అందులో పలుచని ఇనుప రేకు దూర్చి చుట్టూ తిప్పితే, రబ్బరు అంతటా ఒకే లోతున తగలాలి. తగిలితే అది తన చోటున ఉన్నట్లే. నార్వేలో పుట్టిన రీబర్ పద్ధతిలో, వేడిచేసిన గొట్టం కొనను రబ్బరు వలయం మీదనే సాగదీసి సాకెట్టుగా మలుస్తారు. వలయం కర్మాగారంలోనే స్థిరపడిపోతుంది. కందకంలోని మనిషి మీదనుంచి ఒక భారాన్ని ముందే దించివేయడం దాని గొప్పతనం.

1985 మే నెలలో అదే జిల్లాలో మరొక ఊరికి కొత్త కప్లింగులు తీసుకుని వెళ్ళాను. అదే మేస్త్రీని పిలిపించాను. ఆయన కొనకు సబ్బు నీళ్ళు పూసి, నోటిలో ఆనించి, చెక్క అడ్డం పెట్టి గడ్డపారతో ఒక్క తోపు తోశాడు. గీత సరిగ్గా అంచుకు వచ్చి ఆగింది. రేకు దూర్చి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. తరువాత తలెత్తి నవ్వాడు.

"ఇప్పుడు ఇది చెయ్యి మాట ఇంటాది సార్" అన్నాడు.

అటుపిమ్మట నేను ఎన్నో నమూనాలు గీశాను. ఎవరి పని మీదైనా "అశ్రద్ధ" అని రాయబోయేముందు, నేను ఆ కందకంలోకి దిగానా అని నన్ను నేను అడుగుతూ వచ్చాను.